వేసవి పాఠమునకు విషయనిర్ణయము

ఏటేట వేసవి సెలవులు సమీపించుటతోడనే బాలబాలికలకై స్వల్పకాలిక తరగతులను నడుపుట దేశమందలి పలు నగరములలో వాడుకగా మాఱినది. తెలుగునాటికి వెలుపల నివసించు తెలుగువారి సంఘములును, విశ్వవిద్యాలయములలోని తెలుగు శాఖలును, కొన్ని పాఠశాలలును ఈ పనికి పూనుకొనుచున్నవి. 2025వ సంవత్సరపు వేసవిలో కేంద్ర విద్యామంత్రిత్వ శాఖయు ‘భారతీయ భాషా వేసవి శిబిరము’ అను పేర, పాఠశాలలలోని పిల్లలకు మఱియొక భారతీయ భాషను వారము దినములలో పరిచయము చేయు కార్యక్రమమును ప్రవేశపెట్టినది. కావున ఇట్టి తరగతులు ఏ కొందఱి వేడుకయో కాక, భాషాబోధనలో ఒక భాగముగా విమర్శింపదగిన స్థితికి వచ్చినవి.

అయినను వీనిని ఏర్పఱచువారు ఒక్క సంగతియందు తగినంత శ్రద్ధ వహించుచున్నట్లు కానరాదు. గది యెక్కడ, కాలమెప్పుడు, బోధించువారెవరు అను ప్రశ్నలకు ముందుగనే సమాధానములు సిద్ధమగును. ఏది బోధింపవలెనను ప్రశ్న చివరకు మిగులును. మిగిలినదానిని తొందరలో తేల్చుదురు. అట్లు తేల్చినవి సాధారణముగా నాలుగు విధములుగా నుండును.

మొదటిది అక్షరమాల. పది దినములలో ఏబదియాఱు అక్షరములు, గుణింతములు, వీలైనచో ఒత్తులు నేర్పుట ఇందలి ప్రణాళిక. రెండవది శతకపద్యములను కంఠస్థము చేయించుట. మూడవది ‘తెలుగు సంస్కృతి’ యను శీర్షిక క్రింద నన్నయ మొదలు నేటి వఱకు గల వేయి సంవత్సరముల వాఙ్మయమును, పండుగలను, నాట్యమును, రాజవంశములను ఒక్క మూటగా గట్టి యిచ్చుట. విశ్వవిద్యాలయములవారు పూనుకొన్నచోట నాల్గవ విధమొకటి కలదు. బోధకుడు తాను పరిశోధించిన అంశమునే, అది ఛందస్సు గానిండు, శాసనభాష గానిండు, బాలురకు తగినట్లు తగ్గించి చెప్పుటకు ప్రయత్నించును.

వీనిలో ఏదియు నిరర్థకమని చెప్పరాదు. లిపి రానివానికి వాఙ్మయము యొక్క వాకిలి తెఱచుకొనదు. పద్యధారణ తెలుగు చదువునకు చిరకాలము పునాదియై నిలిచినది. కాని వేసవి తరగతి బడి కాదు. బడికి సంవత్సరమంతయు కలదు. నిన్నటి పాఠము, రేపటి పాఠము కలవు. వేసవి తరగతికి పది దినములు, దినమునకు రెండు గంటలు, వెరసి ఇరువది గంటలు దొరకుట గొప్ప. ఆ ఇరువది గంటలలో అక్షరమాల సగము వచ్చును. సగము వచ్చిన లిపి ఆషాఢము వెళ్లకముందే మఱపునబడును. పద్యము నోటికి వచ్చును గాని, ఇంట తెలుగు వినికిడి తక్కువైన బాలునకు దాని మాటలు మాటలుగా తోపవు. ధ్వనులుగా మాత్రమే మిగులును. సంస్కృతి మూట విప్పుటలోనే గడువు తీఱును. పరిశోధకుని అంశమన్ననో, అది పరిశోధకునకు ప్రియమైనంత బాలునకు ప్రియము కాజాలదు.

ఈ నాలుగు నిర్ణయములలోను ఒక దోషము సమానముగా కలదు. ఇవన్నియు బోధకునకు ఏమి తెలియును, పెద్దలకు ఏది గౌరవముగా కనబడును అను ప్రశ్నల నుండి పుట్టినవి. విషయనిర్ణయము అక్కడ నుండి కాక, మఱి మూడు ప్రశ్నల నుండి ప్రారంభము కావలసియున్నది. మొదటిది: ఈ విషయమునకు సంబంధించిన సామగ్రి బాలుని యింట దొరకునా? రెండవది: ఇందు అతని చేతికి పని యున్నదా? మూడవది: పదవ దినమున అతడు ‘దీనిని పూర్తిచేసితిని’ అని చెప్పుకొనగలడా? ఈ మూటికిని ఔనని సమాధానము వచ్చిన విషయము చిన్నదైనను గ్రాహ్యము. రానిది ఎంత గొప్పదైనను వేసవికి తగదు. బడికో, కళాశాలకో విడువదగినది.

ఇట్టి పరీక్షకు నిలుచు విషయములు తెలుగులో పెక్కులు కలవు. పొడుపుకథలు, బంధువాచకములు, ఊరి పేర్లు, వంటయింటి మాటలు అందులోనివే. వానిలో ఒక్కదానిని తీసికొని వివరించినచో పై సూత్రము స్పష్టపడును. ఇచట తీసికొనినది కొలతలు.

కొలతలకు కావలసిన మొదటి సాధనము బాలుని శరీరమే. నాలుగు వ్రేళ్ల వెడల్పు బెత్తెడు. బొటనవ్రేలి కొన నుండి చిటికెనవ్రేలి కొన వఱకు చాచిన చేయి జానెడు. మోచేతి నుండి నడిమివ్రేలి కొన వఱకు మూరెడు. చేతులు రెండును చాచినచో బారెడు. రెండు జానలు మూర యనియు, నాలుగు మూరలు బార యనియు లెక్క. బాలుడు తన జానను తన మూరతోను, తన మూరను తన బారతోను పోల్చి చూచి, ఈ లెక్క తన శరీరమునందు ఎంత వఱకు సరిపోవునో తానే తెలిసికొనగలడు. ఇందులకు గ్రంథము అక్కఱలేదు, లిపి అక్కఱలేదు. తెలుగు చదువ నేర్చినవాడును, నేర్వనివాడును ఒక్క బల్లపై పనిచేయుటకు వీలున్న పాఠములు తక్కువ. ఇది వానిలో ఒకటి.

రెండవ దినమున తరగతిలోని యిరువురు బాలురు ఒక్క బల్లనే కొలిచినచో ఒకనికి ఆఱు జానలు, మఱియొకనికి ఏడు జానలు వచ్చును. అప్పుడు పుట్టు వివాదమే అసలు పాఠము. ఎవరి జాన సరియైనది? తెలుగు పట్టణములలో నేటికిని పూలమాలను మూరల లెక్కను అమ్ముచున్నారు. ఆ మూర అమ్మువారిదా, కొనువారిదా? పొడవైన చేయి గలవాడు కొనుటకు వచ్చినచో లాభమెవరికి? ఈ ప్రశ్నలను పిల్లలు తమలో తాము తర్కించుకొనిన పిమ్మట, ప్రభుత్వము కొలతలకు ఒక ప్రమాణమును నిర్ణయింపవలసి వచ్చిన కారణము చెప్పకయే బోధపడును. భారతదేశమున 1956లో తూనికలు కొలతల ప్రమాణ శాసనము వచ్చుట, 1958 నుండి మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమలగుట అను చరిత్రాంశములు అప్పుడు కేవలము సంవత్సరములుగా కాక, బల్ల దగ్గఱ పుట్టిన తగవునకు తీర్పుగా మనస్సున నాటుకొనును.

ధాన్యపు కొలతలు ఇంకను రుచ్యములు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము, రెండు కుంచములు ఇరస, రెండు ఇరసలు తూము. ఇరువది తూములు పుట్టి. ఈ వరుసను ఎక్కాలవలె వల్లించినచో విసుగే. కాని ఒక సోలగా ఏదేని చిన్న గిన్నెను నిర్ణయించుకొని, బియ్యమో ఇసుకయో పోసి, బాలుడు తానే ఒక్కొక్క మెట్టు ఎక్కినచో, ప్రతి మెట్టునను ముందటిదానికి రెట్టింపగుచున్నదని కనిపెట్టును. సోల నుండి తూము వఱకు ఆఱు మెట్లు. ఆఱుసార్లు రెట్టించినచో 64. అనగా తూమునకు 64 సోలలు, పుట్టికి 1,280 సోలలు. పాత రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు కావున రూపాయికిని 64 పైసలే. ధాన్యమునందును, ధనమునందును ఒక్క సంఖ్య యేల వచ్చినది? రాశిని సగము చేయుటకు మఱియొక సాధనము అక్కఱలేదు. సగమును మరల సగము చేయుట ఎవరికైనను సాధ్యము. పదింట ఒక వంతు తీయుట కన్ను చేయగల పని కాదు. ఈ యుక్తిని పండ్రెండేండ్ల బాలుడు స్వయముగా గ్రహించినచో, అతడు పొందునది తెలుగు పాఠము మాత్రమే కాదు.

భాషాశాస్త్రమును వృత్తిగా గలవారు ఇందు తమకు పనిలేదని భావింపనక్కఱలేదు. రెండు తూములు ఇద్దుము, మూడు ముత్తుము, అయిదు ఏదుము, పది పందుము. ఈ నాలుగు మాటలను వరుసగా వ్రాసి, వీనిలో దాగిన సంఖ్య యెక్కడ, తూము ఎక్కడ అని అడిగినచో పిల్లలు పొడుపుకథను విప్పినట్లు విప్పుదురు. సమాసములందు పూర్వపదమైన సంఖ్య సంకోచించుననియు, ఉత్తరపదము రూపము మార్చుకొనుననియు వ్యాకరణపరిభాష లేకయే వారికి తెలియును. విత్తుటకు పట్టు గింజల కొలతతోనే భూమిని చెప్పుట తెలుగునాట చిరకాలపు వాడుక. కుంచెడు నేల, పుట్టెడు భూమి అనుట అందువలననే. ధాన్యపు కొలత నేలకొలతయైన విధము విన్న బాలునకు అర్థవ్యాప్తి యనగా నేమో వేఱుగ బోధింప బనిలేదు.

ఇంతకంటె ముఖ్యమైనది ‘ఎడు’ ప్రత్యయము. మూర, మూరెడు; కుంచము, కుంచెడు; గంప, గంపెడు; దోసిలి, దోసెడు; పిడికిలి, పిడికెడు; చిటిక, చిటికెడు. ఆ పాత్ర నిండినంత, ఆ చేయి పట్టినంత అని దీని యర్థము. ఈ ఆఱు జతలను చూచిన బాలుడు ఏడవదానిని తానే చేయగలడు. గ్లాసు, బకెట్టు, చెంచా అను మాటలు తెలుగునకు తరువాత వచ్చి చేరినవి. వానికిని ప్రజలు ఈ ప్రత్యయమునే చేర్చి గ్లాసెడు, గ్లాసుడు, బకెట్టెడు, చెంచాడు అనుచున్నారు. ఎక్కడ ‘ఎడు’, ఎక్కడ ‘డు’ మాత్రము అని పిల్లలచే తమ యిండ్లలో వినిపించి వ్రాయించినచో, ఒక సజీవసూత్రమును వారే కనుగొన్నవారగుదురు. కంఠస్థము చేసిన నూఱు మాటలకంటె కొత్త మాటను చేయగల ఒక్క ప్రత్యయము ఎక్కువ విలువ గలది. వేసవి ముగిసిన తరువాతను అది బాలుని యొద్ద పనిచేయుచునే యుండును.

కొలతలు మృతములైనవి, వానిని పిల్లలకేల అను ఆక్షేపణ మొదట వచ్చును. బజారులో కుంచము లేదనుట నిజమే. నోటిలో మాత్రము అది పోలేదు. పుట్టెడు దుఃఖము, గంపెడాశ, చారెడేసి కన్నులు, బారెడు ప్రొద్దెక్కుట, జానెడు పొట్ట, ఆమడ దూరమున నుండుట అను పలుకుబళ్లు నేటి కథలలోను, చలనచిత్రములలోను, ఇండ్ల సంభాషణలలోను వినబడుచునే యున్నవి. దశాంశ నాణెములు 1957 ఏప్రిల్ 1న వచ్చినవి. 25 పైసల నాణెము 2011 జూన్ 30తో చెలామణి నుండి తొలగినది. అయినను పావలా అను మాట తొలగలేదు. నూటికి నెలకు పావలా, అనగా ఏటికి నూటికి మూడు రూపాయలు గల వడ్డీని ‘పావలా వడ్డీ’ యనుట ప్రభుత్వ పథకములకు సైతము ఎక్కినది. అచ్చమైన తెలుగును పదహారణాల తెలుగనువారు అణాను కన్నులజూచి యుండనక్కఱలేదు. వస్తువు పోయి మాట మిగిలిన ఈ స్థితియే బాలునకు విప్పి చెప్పవలసినది. లేనిచో అతడు నవలలో ‘పుట్టెడు’ అను మాట వచ్చినపుడు దానిని ‘చాల’ అని మాత్రమే చదివి దాటిపోవును.

రెండవ ఆక్షేపణ ప్రాంతభేదములను గూర్చినది. ఒకరి యింట మానిక, ఒకరి యింట శేరు, మఱియొకరి యింట పడి. కుంచము పేరు ఒక్కటియైనను దాని పరిమాణము అన్ని సీమలలో ఒక్కటిగా నుండలేదు. ఏది ప్రమాణముగా బోధింపవలెనని బోధకుడు శంకించును. ఏ ఒక్కటియు ప్రమాణము కాదని చెప్పుటయే ఇందులకు సమాధానము. పిల్లలు తెచ్చిన రూపములన్నింటిని గోడపై ప్రక్కప్రక్కను వ్రాసి, ఏ మాట ఏ జిల్లా నుండి వచ్చినదో సూచించినచో, తెలుగు ఒక్క మూసలో పోసినది కాదను జ్ఞానము వారికి కలుగును. తన యింటి మాట తప్పని విన్న బాలుడు మరల నోరు మెదపడు. తన యింటి మాట గోడకెక్కినదని చూచినవాడు మఱునాడు రెండు మాటలు తెచ్చును. తెలుగునాటికి వెలుపలి తరగతులలో శ్రీకాకుళము వారి పిల్లలు, కరీంనగరు వారి పిల్లలు, అనంతపురము వారి పిల్లలు ఒక్క గదిలో కూర్చుందురు. ఇతరచోట్ల ఆటంకముగా తోచు ఈ సమ్మిశ్రము కొలతల పాఠమునందు సంపదయగును.

తెలుగు మాతృభాష కానివారు తరగతిలో నున్నచో ఏమి చేయవలెనను ప్రశ్నయు ఇప్పుడు న్యాయమైనదే. వారికిని ఈ విషయము పరాయిది కాదు. తమిళుల సాణ్, ముళమ్. కన్నడిగుల గేణు, మొళ. తెలుగువారి జాన, మూర. ఈ జతలను పలికి చూచిన పిల్లలకు దక్షిణదేశపు భాషల చుట్టఱికము చెవికే తెలియును. హిందీ మాటలాడు బాలుడు తన భాషలో చిటికెడునకు ‘చుట్కీ భర్’, పిడికెడునకు ‘ముట్ఠీ భర్’ అని చెప్పి, ‘భర్’ చేయు పనిని తెలుగులో ‘ఎడు’ చేయుచున్నదని తానే పోల్చుకొనును. ఒక భాషను మఱియొక భాషతో ఎదురెదురుగా నిలిపి ఇచ్చిపుచ్చుకొనుటకు వీలుపడు విషయము, ఒక్క భాష యొక్క ఘనతను చాటు విషయముకంటె ఇట్టి తరగతికి ఎక్కువ తగినది.

లిపి సంగతి యేమగునని పెద్దలు కలత జెందుట సహజము. లిపిని త్రోసివేయుమని ఈ వాదము చెప్పదు. అది పనివెంట రావలయునని మాత్రమే చెప్పును. బాలుడు తాను కొలిచిన బల్ల ప్రక్కన ‘జానెడు’ అని వ్రాసికొనవలసివచ్చినపుడు ‘జ’ అక్షరమును అడిగి నేర్చుకొనును. అట్లు పది దినములలో ఇరువది అక్షరములే వచ్చునేమో. అవి తాను వెదకి తెచ్చుకొన్నవి గాన నిలుచును. గణితమును తెలుగులో చెప్పుట యేమి పాండిత్యమని శంకించువారు ఒక సంగతి తలపవచ్చును. మహావీరాచార్యుని సంస్కృత గణితమును పావులూరి మల్లన తెలుగు పద్యములలో వ్రాసినాడు. లెక్కకును తెలుగునకును బంధుత్వము క్రొత్తగా కల్పింపవలసినది కాదు.

ఇక ఈ నిర్ణయమునందు నష్టపోవలసినదేమో స్పష్టముగా చెప్పవలసియున్నది. తెలుగునాటికి దూరముగా పెరుగు బాలునకు తెలుగు సాధారణముగా రెండు రూపములలో ఎదురగును: ఇంటిలో మందలింపు, సభలో స్తోత్రము. మొదటిదానికి అతడు హిందీలోనో ఆంగ్లములోనో బదులు చెప్పును. రెండవదానికి చప్పట్లు కొట్టును. ఈ రెంటిలోను అతడు చేయవలసిన పని యేదియు లేదు. పది పండ్రెండేండ్ల వయస్సు దాటిన పిమ్మట ఈ స్థితి స్థిరపడును. వేసవి తరగతి అతనికి తెలుగులో ఒక పనిని చూపు అవకాశము. దానిని తప్పుడు విషయముతో వ్యయము చేసినచో, మఱుసటి వేసవికి అతడు రాడు. వచ్చినను మనస్సు రాదు. అక్షరమాల ఎపుడైనను నేర్వవచ్చును. విసుగును విడిపించుట అంత సులభము కాదు.

నష్టము మఱియొక వైపునను కలదు. మెట్రిక్ పద్ధతి అమలగుటకు పూర్వము బజారున కుంచముతో కొలిచి, అణాలతో లెక్కచూచిన తరమువారిలో నేడు మిగిలినవారు ఎనుబదేండ్లకు అటునిటుగా నున్నారు. చట్టము మాఱిన పిమ్మటను పల్లెలలో గాదెలయొద్ద మానిక, కుంచము కొంతకాలము నిలిచినవి గాన, వారికంటె చిన్నవారికిని కొంత జ్ఞాపకము కలదు. ఈ జ్ఞానము నిఘంటువులలో లేకపోలేదు. బ్రౌను 1852లో ప్రకటించిన నిఘంటువు మొదలు కొలతల మాటలు అచ్చుపడుచునే యున్నవి. కాని తూము నిండిన తరువాత పైన రాశి పోయుదురా, తలకొట్టుదురా. కూలికి ఏ కుంచము, అమ్మకమునకు ఏ కుంచము. కొలుచువాడు మొదటి లెక్కను ఒకటి యనునా, లాభమనునా. ఇట్టివి ఆ ముసలివారి చేతులలోను నోళ్లలోను మాత్రమే పూర్తిగా నున్నవి. బాలుడు సాయంకాలము టెలిఫోనులో తాతను ‘మీ యింట కుంచము దేనితో చేసినది?’ అని అడిగిన ప్రశ్నకు వచ్చు సమాధానము ఏ గ్రంథమునను దొరకదు. ఆ ప్రశ్న మఱి పదేండ్ల తరువాత అడుగుటకు మనుష్యులుండరు. పొడుపుకథలు ఆగగలవు, శతకములు ఆగగలవు, ఇది ఆగదు. అనేక యోగ్యవిషయములలో కొలతలను ముందు నిలుపుటకు ఇది ముఖ్యకారణము.

విశ్వవిద్యాలయ శాఖలకు ఇచట ఒక హెచ్చరిక అవసరము. వృత్తుల మాటలను సేకరించుట విద్వత్కార్యమని తెలుగువారు ఏనాడో అంగీకరించినారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము యొక్క వ్యవసాయ సంపుటము 1962లోను, చేనేత సంపుటము 1971లోను వెలువడినవి. పిల్లలు తెచ్చు కాగితములు అట్టి పనికి ఉపకరింపవచ్చును. అట్లని పిల్లలను పరిశోధకులకు జీతములేని సేకర్తలుగా చేయుట న్యాయము కాదు. తరగతి బాలునికొఱకు, పట్టికలు పిమ్మటివి. ఈ వరుస తలక్రిందైన నాడు, బోధకుడు తన పరిశోధనాంశమును పిల్లలపై మోపు పాత దోషమే మారువేషమున తిరిగి వచ్చును.

అన్ని చోట్లను కొలతలే బోధింపవలెననుట ఈ వాదముయొక్క తాత్పర్యము కాదు. షోలాపురమున, భివండిలో తెలుగు పద్మశాలీల కుటుంబములు తరతరములుగా నేతపనిలో నున్నవి. అచటి పిల్లలకు పడుగు, పేక, నాడె, అచ్చు, కండె అను మాటలు ఇంటనే దొరకును. ఒక చిన్న చట్రముపై దారము చుట్టి జానెడు గుడ్డను నేయుట చేతికి పని. పదవ దినమున ఆ గుడ్డయే పూర్తియైన ఫలము. మూడు ప్రశ్నలకును సమాధానము దొరకినది గాన అచట మగ్గమే తగిన విషయము. ఖరగ్‌పూరు రైల్వే నివాసములలోని తెలుగు పిల్లలకు, వారి పూర్వులు ఏ ఊళ్ల నుండి వచ్చిరో ఆ ఊళ్ల పేర్లు తగవచ్చును. స్థలము మాఱినచో విషయము మాఱును, పరీక్ష మాఱదు.

కావున తరగతుల నేర్పఱచు సంఘములు, శాఖలు బోధకుని పిలుచుటకు పూర్వమే రెండు పనులు చేయుట మంచిది. చేరబోవు పిల్లల యిండ్లలో ఎవరెవరు పెద్దలున్నారు, వారు ఏ సీమవారు, ఏ వృత్తివారు అని ముందుగా అడిగి తెలిసికొనవలయును. పిమ్మట, ఎన్నుకొన్న విషయము క్రింద బాలుడు పదవ దినమున తన చేతితో ఏమి చూపగలడో ఒక్క వాక్యమున వ్రాయవలయును. ఆ వాక్యము వ్రాయుటకు రానిచో విషయమును మార్చవలయును గాని వాక్యమును అలంకరింపరాదు. కొలతలను గూర్చిన తరగతికి ఆ వాక్యము సులభము: ప్రతి బాలుడును తన జాన, మూర, బారల పొడవును సెంటీమీటర్లలో గుర్తించిన దారమొకటి, తన యింటి పెద్దలు చెప్పిన కొలతల పట్టిక యొకటి చేతబట్టుకొని యింటికి వెళ్లును. ఆ పట్టికలో నాలుగే మాటలున్నను చాలును. అవి అతడు అడిగి తెచ్చినవి.